ముందే లేచిన పెట్టె

పోయినవారం భానుప్రియను దిల్‌సుఖ్‌నగర్ డయాలిసిస్ సెంటరు వాకిట్లో వదిలేశాం. ఒక చేత్తో అత్త ముత్తమ్మను, ఇంకో చేత్తో దుప్పటీ, నీళ్ల సీసా ఉన్న సంచిని పట్టుకుని, లిఫ్టు ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ నిలబడి ఉంది. మీర్‌పేట్ నుంచి ఆటోలో వచ్చినంతసేపూ ముత్తమ్మ నోరు విప్పలేదు. లిఫ్టు తలుపు తెరుచుకుంటుండగా మాత్రం ఒక్క మాట అంది.

"ఇయ్యాల కథ అయిపోవాలె బిడ్డా. అయిపోతే నేను మళ్ల గీడికి రాను."

భానుప్రియ ఆమెను లోపలికి నడిపించింది. బదులు చెప్పడానికి ఒంట్లో ఓపిక ఉండాలి కదా. పొద్దున్నే లేచి వంట చేసి, అత్తకు కొలత ప్రకారం నీళ్లు పోసి, ఉప్పు లేని కూర వేరే గిన్నెలో తీసి, ఇంటికి తాళం వేసి బయల్దేరింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఇరుక్కుపోయినప్పుడు కూర్చున్నచోటే కునుకు పట్టింది. ముత్తమ్మే మోచేత్తో పొడిచి లేపింది.

వార్డులో వాళ్ల మంచం ఖాళీ అయ్యేదాకా బల్ల మీద చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. ఆ తర్వాత పడుకోబెట్టి, తలకింద దిండు సర్ది, భానుప్రియ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. పక్క మంచం మీద వనస్థలిపురం రామమోహనరావుగారు అప్పటికే మిషనుకు తగిలించబడి గురక పెడుతున్నారు. ఆయన భార్య ఇందిరాదేవి కమలాపండు ఒలుచుకుంటూ పలకరించింది.

"ఏవమ్మాయ్, ఇవాళ ఆలస్యమైందే? మీ అత్తగారి కథ వినకపోతే మా ఆయనకి నిద్ర పట్టట్లేదు. ఇదిగో, డోలు మోగకముందే గురక మొదలెట్టేశారు, రిహార్సలనుకుంటా."

భానుప్రియ నవ్వబోయింది. సగంలోనే ఆగిపోయింది.

సిస్టరు సూదుల పళ్లెంతో వచ్చి నిలబడింది. "అవ్వా, చెయ్యి చాపు."

"కథ మొదలు కానీ," అంది ముత్తమ్మ, చెయ్యి కొంగులో దాచుకుంటూ. "ముందు ఆయన గొంతు ఇనబడాలె, గప్పుడే సూది."

ఈ వాదన సిస్టరు వీళ్లు వచ్చినప్పుడల్లా వినేదే. "జల్దీ లేపమ్మా మీ పెట్టెను, ఇంకా మంది ఉన్నరు నాకు," అని భానుప్రియతో అని అటు మంచం వైపు వెళ్లింది.

కథ అంటే ముత్తమ్మ భర్త సిద్దిరాములు పాడిన మల్లన్న కథ. ఒగ్గుకథ చెప్పి ఊళ్లు తిరిగిన మనిషి ఆయన. పోయి ఏడాది దాటింది. ఆయన గొంతు మాత్రం మీర్‌పేట్ ఇంట్లో, టీవీ పక్కన ఉన్న నల్లటి పెట్టెలో మిగిలింది. దాన్ని సర్వరు అనాలని మేడమీద కిరాయికుండే పట్టాభి చెప్పాడు గానీ ఆ ఇంట్లో అందరికీ అది పెట్టే. పట్టాభి కాకినాడ వైపు కుర్రాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని. పెద్దాయన దగ్గు ముదురుతున్న రోజుల్లో, "మీ గొంతు పోకుండా దాచుకుందామండీ" అంటూ ఒక పాత కంప్యూటరుకు రెండు డిస్కులు తగిలించి, మైకు పెట్టి, కథను భాగాలు భాగాలుగా అందులోకి ఎక్కించాడు.

సిద్దిరాములు ఒకే షరతు పెట్టాడు. కథ ఇల్లు దాటకూడదు. పిలిచినవాళ్ల వాకిట్లో కథ చెప్పి రావచ్చు గానీ, కథను ఒకరి చేతిలో పెట్టి రాకూడదని వాళ్ల మేళంలో కట్టుబాటు. అందుకే ఫోన్లోకి దించుకునే వీలు లేకుండా పట్టాభి కట్టుదిట్టం చేశాడు. ఎక్కడ కూర్చుని అయినా వినవచ్చు. గొంతు వస్తుంది, కథ మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

ఎవరూ వాడనప్పుడు పెట్టె నిద్రపోతుంది. దాన్ని దూరం నుంచి లేపడానికి భానుప్రియ ఫోన్లో ఒక బొత్తాం ఉంది. నొక్కితే బూడిదరంగు చుక్క పసుపవుతుంది, ఆ తర్వాత పచ్చబడుతుంది. పసుపులో ముట్టుకోవద్దని పట్టాభి ఒకటికి పదిసార్లు చెప్పాడు. "అప్పటికి అది కళ్లు తెరిచిందంతేనండీ, మంచం దిగలేదు. డిస్కులు రెండూ తిరగాలి, లోపల ఏమేం ఉన్నాయో చూసుకోవాలి. పచ్చ పడ్డాక ముట్టుకోండి."

మొదటిరోజు భానుప్రియ ఆగలేకపోయింది. పసుపులోనే నొక్కేసింది. తెర మీద ఒక్క భాగం కూడా లేదు, ఖాళీ. ఆ ఖాళీని చూసి ముత్తమ్మ, "రెండోసారి పోయిండే నీ మామ" అంటూ వార్డు అదిరిపోయేలా ఏడ్చింది. కాసేపటికి చుక్క పచ్చబడి, ఆయన గొంతు ఖంగున మోగాక కళ్లు తుడుచుకుని, "గట్లనా. డప్పు కాచినట్టే కద," అంది. "మంట కాడ తోలు బిగియకముందే కొడితే ఏం మోగుతది?"

ఆ రోజు నుంచి పచ్చ పడేదాకా ఆగడం వాళ్లిద్దరికీ అలవాటైంది. అసలు చిక్కు పచ్చ పడ్డాక మొదలైంది.

కథకు కూర్చున్నవాళ్లు మంగళం పాడేదాకా లేవకూడదు. అది ముత్తమ్మ పుట్టినింట్లో, మెట్టినింట్లో కూడా తప్పని నియమం. ఈ సూదుల బతుకు ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు. కథ సగంలో ఉంది కాబట్టి వస్తోంది. మంగళం అయిన మర్నాటి నుంచి రానని ముందే చెప్పేసింది. చెప్పింది చేసే మనిషి. పెట్టెలో ఇక వినని భాగం ఒక్కటే మిగిలిందని తెలిసినప్పటి నుంచి భానుప్రియ గుండెల్లో రాయి పడింది. ఒకరోజు పెట్టె లేవలేదంది. ఇంకోరోజు పాత భాగాన్నే పెట్టి, "ఇదే ఒచ్చింది అత్తమ్మా" అంది. అబద్ధానికి అబద్ధం ముడివేస్తూ బండి లాగుతోంది.

ఇవాళ కూడా అలాగే దాటేద్దామనుకుని ఫోను తీసింది. తీసి, బొత్తాం మీదికి వెళ్తున్న వేలిని గాలిలోనే ఆపేసింది.

చుక్క అప్పటికే పచ్చగా ఉంది.

ఆమె ఇంకా నొక్కనే లేదు. పెట్టెను దూరం నుంచి లేపగల ఫోను ఇదొక్కటే. ఇంకో దారి, పెట్టె ముందు కూర్చుని దాని మీద ఉన్న బొత్తాం నొక్కడమే. కొంగు ముడిలో తాళంచెవి తడుముకుంది. ఉంది. మరి ఇంట్లో ఎవరున్నారు?

"నీళ్లు తెస్త అత్తమ్మా," అని బయటి వరండాలోకి నడిచి మొగుడికి ఫోను చేసింది. ధర్మేందర్ బాటసింగారం పండ్ల మార్కెట్లో కమీషను దుకాణం దగ్గర గుమాస్తా. వెనకాల లారీ హారన్లు, వేలం పాట అరుపులు.

"ఏంది భానూ? బత్తాయి లారీ కాడున్న, జల్దీ చెప్పు."

"నువ్వు ఇంట్ల లేవా?"

"ఇంట్లెందుకుంట? పొద్దుగాల నీ ముంగటనే పోతిని కద."

"పెట్టె లేచి ఉన్నది."

"నువ్వే లేపుతవ్ కద దాన్ని."

"నేను లేపలే. నేను నొక్కకముందే లేచి ఉన్నది. ఇంట్ల ఎవలో ఉన్నరు."

"తాళం ఏసినవా?"

"నా చేతులతోనే ఏసిన."

"నేను పోత. బండి మీద ఎంతసేపు, హయత్‌నగర్ దాటితే ఎల్బీనగర్. అవ్వకు చెప్పకు, పరేషానైతది." ఫోను పెట్టేశాడు.

భానుప్రియ గోడకు ఆనుకుని నిలబడింది. కింద రోడ్డు మీద చీరల దుకాణాల బోర్డులు, వాటి మీదుగా మెట్రో వంతెన. ఒకప్పుడు ఆ దుకాణాల్లోనే ఒకదాంట్లో ఆమె కౌంటరు వెనక నిలబడి చీరలు విప్పి చూపించేది. అప్పుడూ కాళ్లు నొప్పులే. కానీ సాయంత్రానికి చీరలన్నీ మడతపెట్టేస్తే ఆ పని ఆ రోజుకు అయిపోయేది. ఈ పనికి మడత లేదు.

తిరిగి వచ్చేసరికి ముత్తమ్మ ఆమెనే చూస్తోంది.

"లేచిందా?"

"ఇంకా లేవలే అత్తమ్మా."

"లేచింది."

"లేదే, జర ఆగు..."

"నాకు ఫోను జూసుడు రాకపోవచ్చు గని నిన్ను జూసుడు ఒస్తది," అంది ముత్తమ్మ. గొంతులో కోపం లేదు. బరువు దించుకుంటున్న మనిషిలా ఉంది. "గా చుక్క పచ్చగ కాంగనే నీ మొకం తెల్లగైతది. ఎన్ని దినాల సంది జూస్తున్ననో. లేవలేదని ఒకపారి, పాతదే ఒచ్చిందని ఒకపారి. పెండ్లైనకాడికెల్లి గా కథ ఇన్నదాన్ని, ఏ మాట ఎనక ఏ మాట ఒస్తదో నాకు ఎరికలేదా? మొన్న ఇన్నదే మళ్ల ఇనిపిచ్చి కొత్తదంటివి. నేనూ కొత్తదన్నట్టే తల ఊపితి."

భానుప్రియ మంచం పట్టీ పట్టుకుని వంగింది. "ఎరికైనంక ఎందుకు ఊకున్నవ్?"

"నీ మొకం జూసే. అబద్ధమాడుడు నీకు సాతకాదు, అయినా ఆడుతున్నవ్. పోనీలే అనుకున్న."

ఇందిరాదేవి కమలాతొనలు పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. వినబడనట్టు నటించడం ఆమెకూ చేతకాలేదు. తొనలు నోట్లోకి పోవడం లేదు.

"మరేం జెయ్యాలె నేను?" భానుప్రియ గొంతు తగ్గించింది. "అయిపోతే రానంటివి. రాకపోతే ఏమైతదో డాక్టరు చెప్పలేదా? నేను గా భాగం పెట్టి, నా చేతులతోని నిన్ను..."

"సాతనైతలేదే నాకు."

"నాకు సాతనైతున్నదా అత్తమ్మా? కాళ్లు గుంజుతున్నయి. ఆటోల కూసుంటే నిద్రొస్తది, మంచంల పంటే రాదు. అయినా ఒస్తలేనా?"

"అందుకే," అంది ముత్తమ్మ.

"అందుకే అంటే?"

"నిన్ను ఇడిసిపెడ్దామనే. నా సావు కోసం గాదు. పొద్దున నువ్వు ఆటోల నోరు తెరుసుకోని పన్నవ్. చంటిపోరి లెక్క తల ఊగుతున్నది. గిట్ల ఎంత కాలం గుంజుకొస్తవ్ నన్ను?"

భానుప్రియ కుర్చీలో కూర్చుని, ముత్తమ్మ పాదాల మీద దుప్పటి తీసి మళ్లీ కప్పింది. అది ఏమీ తోచనప్పుడు ఆమె చేసే పని.

"పెట్టు," అంది ముత్తమ్మ. "ఉన్నది పెట్టు."

ఇక దాచడానికి ఏమీ లేదు. భానుప్రియ పచ్చచుక్కను తాకింది. సిద్దిరాములు భాగాలు వరుసగా వచ్చాయి, అన్నిటి పక్కనా ఆయన తలపాగా ఉన్న చిన్న బొమ్మ. చివరి భాగం కోసం కిందికి జరిపింది. జరిపి ఆగిపోయింది. దాని కింద ఇంకొకటి ఉంది. బొమ్మ లేదు, పేరు లేదు. ఇవాళ్టి తారీఖు మాత్రం ఉంది.

"అత్తమ్మా, గిది..."

"అదే," అంది ముత్తమ్మ. ఆమె ముఖంలో వింత ఏమీ లేదు. "పైది నాకు అక్కెరలేదు. ఆయన దగ్గి దగ్గి, మిగిలింది రేపు జెప్త అని లేచిండు. గా రేపు రాలే. మంగళం పాడలేదు మీ మామ. పక్కన కూసున్నది నేనే కద, నాకెరికలేదా? గీ కిందిది పెట్టు."

అంటే ఇన్నాళ్లూ తాను భయపడిన మంగళం పెట్టెలో లేనేలేదు! ఆ సంగతి తలకెక్కేలోపే వేలు నొక్కేసింది.

డోలు మోగింది. ఆ వెంటనే గొంతు. బరువైన గొంతు, మాట చివర కొంచెం బొంగురు, పైకి లేచేటప్పుడు గాలి చీల్చినట్టు పదును. సిద్దిరాములు గొంతే. రామమోహనరావుగారి గురక ఆగింది. ఏడాది కింద మట్టిలో కలిసిన మనిషి ఇవాళ్టి తారీఖుతో ఎలా పాడతాడు? ఇంకాసేపు విన్నాక భానుప్రియకు తేడా అందింది. గొంతు ఆయనదే, ఊపిరి ఆయనది కాదు. ఈ ఊపిరి పొడుగ్గా ఉంది. ఇది ఆడగొంతు.

ముత్తమ్మ తనంతట తానే చెయ్యి చాపింది. సిస్టరు పరుగున వచ్చి సూదులు గుచ్చి, గొట్టాలు తగిలించి, "ఇయ్యాల మంచిగ ఇచ్చిందే అవ్వ" అని వెళ్లిపోయింది.

"స్వరూప వదినెనా?" అంది భానుప్రియ గుసగుసగా.

ముత్తమ్మ కళ్లు మూసుకుని తల ఊపింది.

స్వరూపరాణి ముత్తమ్మ పెద్దకూతురు. భానుప్రియ ఆమెను చివరిసారి చూసింది మామ చనిపోయిన రోజే. శవం ముందు మేళం వాళ్లు కథ ఎత్తుకునే వేళకు స్వరూపరాణి ముందుకొచ్చి డోలు పక్కన నిలబడి తానే ఎత్తుకుంది. నాయిన తనకు చిన్నప్పటి నుంచి లోపలి గదిలో నేర్పాడని, ఈ పూట తానే పాడాలని అంది. ఆడది కథ ముందు నిలబడడమా అని మేళం వాళ్లు డోళ్లు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయారు. పాడె ఎత్తేవాళ్లు లేక శవం పొద్దుగూకేదాకా వాకిట్లోనే ఉంది. ఆ సాయంత్రమే ధర్మేందర్ అక్కను గేటు బయట నిలబెట్టి, "మళ్ల గీ గడప తొక్కితే నా శవం జూస్తవ్" అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమె పేరెత్తరు.

"తాళంచెవి?"

"నాది ఇచ్చిన. నేను ఏడికి పోతున్ననని నాకు తాళంచెవి?"

"ఎప్పుడు మాట్లాడినవ్ వదినెతోని?"

"పాలసంతోషి అని నా ఫోన్ల ఉంటది జూడు. పట్టాభితోని గా పేరు ఏపిచ్చిన."

ఇంత బరువులోనూ భానుప్రియకు నవ్వొచ్చింది. పాలమనిషితో గంటలు గంటలు ఏం మాట్లాడుతుందా అని ఎన్నిసార్లు అనుకుందో.

"మనం ఇల్లు ఇడిసినంక పొమ్మన్న, ఒచ్చేలోపల ఎల్లిపొమ్మన్న," అంది ముత్తమ్మ. "మైకు పెట్టుడు దానికి ఎరికె. నాయిన పాడంగ అదే పట్టేది. ఆయన ఇడిసిన కాడికెల్లి ఎత్తుకోని మంగళం పాడి పెట్టు బిడ్డా, నేను ఇని పోత అన్న. ఊకోవే, ఇననియ్యి."

అంటే ముత్తమ్మ తన చావును కూతురి గొంతుతో పాడించుకుంటోంది. భానుప్రియ కుర్చీ చేయి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కథ నడుస్తోంది. మల్లన్నకు మేడలమ్మతో పెండ్లి కాడికి వచ్చింది. ఒకచోట ముత్తమ్మ నొసలు ముడిపడింది. "ఉరుకుతది, ఉరుకుతది," అని గొణిగింది. "గాడ డోలు ఆగాలె. ఆగినంక మాట. ఊపిరున్నదని ఉరుకుడేనా?" సూది లేని చెయ్యి మంచం పట్టీ మీద తాళం వేస్తోంది. ఇందిరాదేవి తొనల మాట మరిచిపోయి కుర్చీ ఇటు లాక్కుంది.

కథ ఒక ఎత్తుకు వచ్చి, మంగళానికి ముందు పలికే పిలుపు పలికి, అక్కడ ఆగింది. భానుప్రియ కళ్లు గట్టిగా మూసుకుంది. డోలు మోగలేదు. మైకుకు నోరు దగ్గర పెట్టినట్టు మామూలు మాట వినిపించింది.

"అవ్వా. గింతవరకే. మంగళం నేను పాడ. పాడితే నువ్వు ఏం జేస్తవో నాకెరికలేదనుకున్నవా? నేను తప్పువోతే నాయిన తొడ మీద చరిచి మళ్ల పాడు అనేటోడు. నువ్వు నా ఎదురుంగ కూసో. చరుసు. మంచిగైందని నువ్వు అన్ననాడే మంగళం. అప్పటిదంక కథ నడుస్తనే ఉంటది. ఎల్లుండికి ఇంకో భాగం పెడుత. సూది ఇయ్యిపిచ్చుకో."

అంతే. పెట్టె మూగబోయింది.

ముత్తమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందని భానుప్రియ వంగి చూసింది. నవ్వుతోంది. పళ్లు లేని నోరు కొంగుతో మూసుకుని, గొట్టాలు కదలకుండా జాగ్రత్తగా నవ్వుతోంది.

"మొండిది. అచ్చం వాళ్ల నాయిన," అంది. "ఏం పాడుడే గది! పెండ్లి కాడ లేగదూడ లెక్క ఉరికింది. ఎవలన్న ఇంటే నవ్వుతరు. దిద్దకపోతే ఎట్ల? నాకు తప్ప గా కథ ఎవలకు ఎరిక ఇప్పుడు?" కాసేపాగి, పైకప్పు చూస్తూ, విసుగ్గా, "ఎల్లుండి ఆటో జర పెద్దది మాట్లాడు. ఇయ్యాలటిది నడుము ఇరగ్గొట్టింది," అంది.

భానుప్రియకు ఆ మాట అర్థం కావడానికి క్షణం పట్టింది. ఎల్లుండి. ఎల్లుండి వస్తానంటోంది. మొహం చేతుల్లో దాచుకుంది. ఎన్నాళ్లుగానో ఆపుకుంటున్న అలసట అంతా ఒక్కసారి కళ్లల్లోంచి దిగింది. ఇందిరాదేవి లేచి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "ఏడవకమ్మాయ్. మాకూ ఎల్లుండే కదా. ఆ పెళ్లి ఏమైందో నాకూ తెలియాలి."

అప్పుడు గుర్తొచ్చింది భానుప్రియకు. గుర్తొచ్చి, తడి మొహంతోనే లేచి నిలబడింది.

"ఏందే?" అంది ముత్తమ్మ.

"ఆయనకు ఫోన్ జేసిన. పెట్టె లేచి ఉన్నది, ఇంట్ల ఎవలో ఉన్నరని చెప్పిన. ఇంటికి పోతున్నడు."

ముత్తమ్మ నవ్వు ఎక్కడిదక్కడ ఆరిపోయింది. "ఎప్పుడు చెప్పినవ్?"

"కథ పెట్టకముందే."

"ఎల్లిపొమ్మని చెప్పు దానికి. పాలసంతోషికి చెయ్యి."

భానుప్రియ ముత్తమ్మ చిన్న ఫోను వెతికి చేసింది. స్విచ్చాఫ్. మళ్లీ చేసింది. అదే.

"కథకు కూసుంటే బంద్ వెడ్తది," అంది ముత్తమ్మ. "వాళ్ల నాయిన నేర్పిన అలవాటే. ఇంకా కూసునే ఉన్నట్టుంది. ఎల్లుండిది పడుతున్నట్టుంది."

ధర్మేందర్ బండి మీద ఉంటే ఫోను ఎత్తడు. పక్కింటికి చెబితే? ఆ మాట తలుపు కొట్టేలోపే కాలనీ అంతా తిరుగుతుంది. పట్టాభి ఇక్కడే దిల్‌సుఖ్‌నగర్‌లో షాపులో ఉన్నాడు, అతను పోయేది ఎప్పుడు? ఇక్కడి నుంచి ఆ ఇంట్లోకి చేరేది ఒక్కటే ఉంది. భానుప్రియ తన ఫోను తీసింది. చుక్క పచ్చగానే ఉంది. దాని మీద వేలు అదిమి పడితే పెట్టె పడుకుంటుంది. పాట పడుతుండగా పెట్టె ఆగిపోతే స్వరూపరాణి తలెత్తి చూస్తుంది, ఏదో జరిగిందని లేస్తుంది. కానీ ఇప్పటిదాకా పాడింది పోతుంది. కథను నడిమధ్యన తెంపినట్టే.

అత్త ముఖం చూసింది.

"ఆపు," అంది ముత్తమ్మ. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమె గొంతు చెప్పింది. "పాపం నాకే రానియ్యి. ఆపు."

భానుప్రియ వేలు అదిమింది. పచ్చ పోయింది. పసుపు మెరిసి, బూడిదరంగు మిగిలింది. ఇక ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు. ఆమె లేచిందా, చెప్పులు తొడుక్కుందా, చీకటిపడ్డ తెర ముందు అయోమయంగా కూర్చునే ఉందా? రామమోహనరావుగారు కూడా కళ్లు తెరిచి వీళ్లవైపే చూస్తున్నారు.

చాలాసేపటికి భానుప్రియ ఫోను మోగింది. ధర్మేందర్.

ఎత్తింది. అటు నుంచి అరుపులు వస్తాయనుకుంది. తలుపు పగలగొట్టే చప్పుడు వస్తుందనుకుంది.

"భానూ."

"ఆఁ."

"తాళం తీసి ఉన్నది. లోపలికెల్లి గడె వెట్టిన్రు. కిటికీ సందులకెల్లి పెట్టె ఒక్కటే కానొస్తున్నది, లైటు ఆరిపోయి ఉన్నది." ఆ తర్వాతి మాట కమీషను దుకాణం గుమాస్తా గొంతులా లేదు, బడి నుంచి ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డ పిల్లవాడి గొంతులా ఉంది. "పెట్టె బందున్నది భానూ. అయినా లోపల నాయిన పాడుతున్నడు."

ఏం చెప్పాలి? ఎవరని చెప్పాలి? భానుప్రియ తల తిప్పి చూసేసరికి ముత్తమ్మ సూది లేని చేతిని ఫోను కోసం చాపి ఉంది.